వాషింగ్ మెషిన్‌కు రెండు వయసులు

రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ వెనక పలక స్క్రూలు విప్పి చూస్తే లోపల ఉండే సరంజామా చాలా తక్కువ. ఉతకడానికి ఒక మోటారు, పిండడానికి ఇంకొకటి, ఒక బెల్టు, చిన్న పుల్లీ, పెద్ద పుల్లీ, ఒకటో రెండో కెపాసిటర్లు, బ్రేకు తీగ, పైనున్న టైమర్ల నుంచి దిగే కొన్ని వైర్లు, మురికినీళ్లు పోయే గొట్టం. అంతే. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఏ ఫిట్టరైనా వీటిని ఒక్కసారి చూసి ఏది ఏ పని చేస్తుందో చెప్పేస్తాడు. పాతకాలపు మెషిన్లు ఇరవై, పాతికేళ్లు నిలబడడానికి మొదటి కారణం ఈ పలక వెనకే ఉంది. అప్పట్లో రేకు మందంగా వేసేవారనీ, మోటారులో రాగి ఎక్కువ చుట్టేవారనీ అంటారు. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ మెషిన్లూ చెడిపోయాయి, చాలాసార్లు చెడిపోయాయి. కాకపోతే చెడిన భాగం ఒక్కటే ఊడి చేతికి వచ్చేది, దాని చోట ఇంకొకటి అమరేది.

ఈ సూత్రం భిలాయికి కొత్తది కాదు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో పుట్టిన కర్మాగారం ఇది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుక శాశ్వతం కాదు. కొన్నేళ్ల వేడికి అరిగిపోతుంది. అప్పుడు కొలిమిని ఆపి, చల్లార్చి, ఇటుకంతా తవ్వి తీసి, మళ్లీ కట్టి వెలిగిస్తారు. కార్మికుల భాషలో అది ‘క్యాపిటల్ రిపేర్’. కొలిమిని కట్టేటప్పుడే ఏదో ఒక రోజు దాన్ని విప్పాల్సి వస్తుందని లెక్కవేసి కడతారు కాబట్టే అది దశాబ్దాలు నడుస్తుంది. ఇంట్లో బట్టలుతికే మెషిన్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు చాలామటుకు అది ఎంత సులువుగా విప్పుకుంటుందన్న దానిలోనే దొరుకుతుంది.

ఇండియాలో మధ్యతరగతి ఇళ్లకు వాషింగ్ మెషిన్ చేరింది 1980ల రెండో సగంలో. వీడియోకాన్ మెషిన్లు అప్పుడే ఊరూరా కనిపించసాగాయి. టీవీఎస్, వర్ల్‌పూల్ కంపెనీలు 1987లో చేతులు కలిపి పుదుచ్చేరిలో తయారీ మొదలుపెట్టాయి. ముందు తలుపు ఉండే ఫ్రంట్ లోడ్ మెషిన్‌ను ఐఎఫ్‌బీ జనానికి పరిచయం చేసింది. 1990ల రెండో సగంలో కొరియా కంపెనీలు వచ్చాయి. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయి టౌన్‌షిప్ సెక్టర్లలోనూ ఖుర్సీపార్ లాంటి చోట్లా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అంతవరకూ బట్టలంటే క్వార్టరు వెనక బండ, బకెట్టు, బ్రష్షు. బొగ్గు మసి, ఖనిజం దుమ్ము, గ్రీజు మరకలు పట్టిన డ్యూటీ బట్టలు ఉతకడం ఎంత చాకిరో ఆ ఇళ్ల ఆడవాళ్లకే తెలుసు. వాళ్ల చేతుల భారం దించిన మొదటి వస్తువు ఈ రెండు టబ్బుల మెషిన్.

అది అంతగా కుదురుకోవడానికి ఇంకో కారణం నీళ్లు. ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్‌కు కుళాయిలో నీరు, అదీ కొంత ఒత్తిడితో, అది అడిగినప్పుడల్లా రావాలి. నల్లా నీరు వేళల ప్రకారం వచ్చే ఇళ్లలో ఆ మెషిన్ మధ్యలో ఆగి కూర్చుంటుంది. సెమీ ఆటోమేటిక్‌కు ఆ బెడద లేదు. డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లు బకెట్టుతో పోసినా చాలు. మురికినీళ్లు బయటికి తోడడానికి పంపు కూడా అక్కర్లేదు, గొట్టం కిందికి దించి నాబ్ తిప్పితే వాటంతట అవే పోతాయి. లేని పంపు చెడిపోదు. నీళ్లను లోపలికి వదిలే కరెంటు కవాటమూ ఇందులో లేదు, లేని కవాటంలో పాచి పట్టదు. పాత డిజైన్ నమ్మకానికి సగం కారణం అందులో ఉన్నవి, మిగతా సగం అందులో లేనివి.

గంటల వయసు, ఏళ్ల వయసు

యంత్రానికి రెండు వయసులు ఉంటాయి. ఎన్ని గంటలు తిరిగిందన్నది ఒకటి, కొని ఎన్నేళ్లయిందన్నది ఇంకొకటి. ఒక కుటుంబం వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట చొప్పున మెషిన్ వేస్తుందనుకుంటే వారానికి రెండు గంటలు, ఏడాదికి సుమారు 100 గంటలు. ఇరవై ఏళ్లకు 2,000 గంటలు. కర్మాగారంలో రాత్రింబవళ్లు తిరిగే కన్వేయర్ మోటారుకు 2,000 గంటలంటే మూడు నెలలు కూడా కాదు, 83 రోజుల పని. అంటే ఇరవై ఏళ్ల వాషింగ్ మెషిన్‌లోని మోటారు గంటల లెక్కన ఇంకా పసిదే.

మరి మెషిన్లు ముసలివై పోయేది దేనివల్ల? ఏళ్ల లెక్కన. తిప్పినా తిప్పకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, ఎండ తగిలిన ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, తడిసిన రేకు తుప్పుపడుతుంది, గ్రీజు ఎండిపోతుంది. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వెంటనే జూన్‌లో వాన మొదలై గాలంతా తేమ అవుతుంది. ఈ రెండింటి మధ్య వరండాలో నిలబెట్టిన మెషిన్‌కు ప్రతి ఏడూ ఒక పరీక్షే. కాబట్టి పాత మెషిన్‌ను కాపాడుకోవడమంటే తక్కువ వాడడం కాదు. దాన్ని నీడలో, పొడి నేలమీద, గోడకు జానెడు దూరంలో, అడుగు నేలకు తగలకుండా ఎత్తుపీట మీద నిలబెట్టడం. వాడకుండా నెలల తరబడి మూలన పెట్టిన మెషిన్ రోజూ తిరిగే మెషిన్ కంటే ముందే పాడవుతుంది. కదలిక లేక షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు సీలు దానికి అతుక్కుపోతుంది. మళ్లీ తిప్పిన రోజున చిరిగిపోతుంది.

ఈ తేడా తెలిస్తే మరమ్మతు ఖర్చు భయపెట్టదు. ఏళ్ల లెక్కన ముసలివయ్యే భాగాలు దాదాపు అన్నీ చవకైనవి. ఖరీదైన మోటారు గంటల లెక్కన బతికేది, దానికింకా చాలా ఆయుష్షు ఉంటుంది. పాత మెషిన్ బాగుచేయించడం లాభసాటి అయ్యేది అందుకే.

ఏ భాగం ఎలా పోతుంది

ముందుగా కెపాసిటర్. ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్, దాంతో మోటారు తనంతట తాను కదలలేదు. ఒక వైండింగ్‌లోకి వెళ్లే కరెంటును కెపాసిటర్ కాస్త ముందుకు జరిపితే తిరగడానికి ఊపు వస్తుంది. ఉతికే మోటారులో రెండు వైండింగ్‌లూ ఒకేలా ఉంటాయి. టైమరు కెపాసిటర్‌ను ఒకసారి దీనికి, ఒకసారి దానికి కలుపుతూ పోతుంటే టబ్బు అడుగున ఉండే ఉతికే చక్రం కుడికీ ఎడమకూ మారి మారి తిరుగుతుంది. ఈ తిప్పుడుకు ఇంత సులువైన ఉపాయం ఇంకొకటి లేదు. కెపాసిటర్ లోపల ఉండేది సన్నని ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత. కరెంటు ఎక్కువ తక్కువలకు అక్కడక్కడ చిన్న చిన్న చోట్ల కాలి, తనను తానే మూసుకుంటుంది. అలా మూసుకున్న ప్రతిసారీ దాని శక్తి కొంచెం తగ్గుతుంది. చివరికి మోటారు హుమ్మని మూలుగుతుంది తప్ప తిరగదు. చాలా ఇళ్లలో మోటారు కాలిపోయిందని మెషిన్‌ను కబాడీకి, అంటే పాత సామాన్లు కొనేవాడికి, ఇచ్చేసేది ఈ దశలోనే. అసలు తప్పు కెపాసిటర్‌ది, దాని ధర మోటారు ధరలో చిన్న వంతు. మూలుగు వినగానే స్విచ్ ఆపేయాలి. తిరగని మోటారులో కరెంటు ఎక్కువ ప్రవహించి వైండింగ్ నిజంగానే కాలిపోతుంది. కొత్త కెపాసిటర్ కొనేటప్పుడు పాతదాని మీద అచ్చువేసిన మైక్రోఫారడ్ అంకె సరిగ్గా అదే ఉండాలి. వోల్టేజి అంకె అంతకు తగ్గకూడదు. కరెంటు ఆపేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కొంత విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి దాని కొసలను ఒట్టి చేతులతో తాకకూడదు. ఈ పని తెలిసినవారికే వదలడం మంచిది.

తర్వాత బెల్టు. చక్రం ఖాళీగా తిరిగి, బట్టలు వేయగానే ఆగిపోతుంటే బెల్టు వదులైందని అర్థం. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే షాఫ్టు పక్కకు లాగబడి, దాన్ని పట్టి ఉంచే బుష్షు అరుగుతుంది. ఈ రెండో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే బిగించిన రోజున మెషిన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాని నష్టం ఆరు నెలలకు గాని బయటపడదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా కనిపెట్టాల్సింది ఆయిల్ సీల్. టబ్బు అడుగున చక్రాన్ని తిప్పే షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు వలయం ఇది. పైన నీళ్లు, కింద బుష్షు, మధ్యలో ఈ పలచని రబ్బరు పెదవి. అది అరిగితే నీటిచుక్క బుష్షులోకి దిగుతుంది, గ్రీజు కడుక్కుపోతుంది, లోహం తుప్పుపట్టి షాఫ్టును గీస్తుంది. గీత పడిన షాఫ్టు కొత్త సీలును కూడా కోస్తుంది. మొదట్లో వచ్చే సూచనలు మూడు: తిరిగేటప్పుడు కీచుమనే శబ్దం, మెషిన్ కింద ఎర్రటి చుక్కల తడి, ఉతికిన తెల్లబట్టల మీద నల్లటి నూనె మచ్చ. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే సీలు మార్పించాలి. సీలు ఒక్కటే మార్చే దశలో ఖర్చు తక్కువ. ఆలస్యం చేస్తే బుష్షూ షాఫ్టూ, గేర్‌బాక్స్ ఉన్న మెషిన్‌లో గేర్‌బాక్సూ కలిసి పోతాయి. పాత మెషిన్ల చావుల్లో చాలావాటికి అసలు కారణం ఈ ఆలస్యమే.

భిలాయిలో సీలుకు ఇంకో శత్రువు ఉంది. ఇనుప ఖనిజం దుమ్ము, సింటర్ దుమ్ము, కోక్ పొడి పట్టిన డ్యూటీ బట్టలు నేరుగా టబ్బులో వేస్తే ఆ గరుకు రేణువులు అడుగుకు చేరి సీలు పెదవిని సాన రాయిలా అరగదీస్తాయి. డ్యూటీ బట్టలను ముందు బయట గట్టిగా దులిపి, బకెట్టులో ఒకసారి జాడించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు మెషిన్‌లో వేయాలి. వీటిని ఇంటి బట్టలతో కలపకూడదు. జేబులన్నీ తిరగేసి చూడాలి. నట్లు, వాషర్లు, వైరు ముక్కలు, కాటన్ వేస్ట్, గేట్ పాస్ క్లిప్పు లాంటివి చక్రం కిందికి జారితే ప్లాస్టిక్ టబ్బును చీలుస్తాయి. కిరోసిన్, పెట్రోలు లాంటి వాటితో గ్రీజు తుడిచిన బట్టలను మెషిన్‌లో అసలు వేయకూడదు. మోటారు, స్విచ్‌ల దగ్గర నిప్పురవ్వ పుడితే ఆ ఆవిరి అంటుకుంటుంది.

పిండే డ్రమ్ము నేరుగా మోటారుకు బిగించి ఉంటుంది. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద నాలుగు ధ్రువాల మోటారు తిరగగల గరిష్ఠ వేగం నిమిషానికి 1,500 చుట్లు. భారం పడితే కాస్త తగ్గి 1,350, 1,400 మధ్య ఉంటుంది. పైతలుపు ఉండే చాలా ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్లు ఇందులో సగం వేగంతోనే పిండుతాయి. సెమీ ఆటోమేటిక్‌లో పిండిన బట్టలు వానాకాలంలో కూడా తొందరగా ఆరడానికి కారణం ఈ వేగమే. డ్రమ్ము ఒక పక్కకు ఒరిగేలా బట్టలు వేస్తే అదే వేగం డ్రమ్మును గోడలకు కొడుతుంది. బట్టలు అడుగున సమంగా పరిచి, పైన లోపలి మూత నొక్కి పెట్టడం అలవాటు కావాలి. బయటి మూత తెరవగానే మోటారు ఆగి, బ్రేకు పట్టి, కొన్ని సెకన్లలోనే డ్రమ్ము నిలిచిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే బ్రేకు పలక అరిగిందని, లేదా తీగ సాగిందని అర్థం. అలాంటి మెషిన్‌ను బాగుచేసేదాకా వాడకూడదు. తిరిగే డ్రమ్ములో చెయ్యి పెడితే బట్ట వేళ్లకు చుట్టుకుంటుంది. పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి మరీ ముఖ్యం.

టైమరు గడియారం లాంటిది. నాబ్ తిప్పితే స్ప్రింగు చుట్టుకుంటుంది, అది విడుతూ పళ్లచక్రాలను తిప్పుతుంది, వాటి గట్లు రాగి పట్టీలను కలుపుతూ విడదీస్తూ ఉంటాయి. వెనక్కి తిప్పితే పళ్లు విరుగుతాయి. తొందరపడి వెనక్కి తిప్పడం మానేస్తే ఇది చాలాకాలం బతుకుతుంది. పోయినా మార్చడం కష్టం కాదు.

మోటారు వైండింగ్‌ను చంపేది వేడి. ఇన్సులేషన్ ఉండాల్సిన ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది విద్యుత్ ఇంజనీర్లు పాటించే లెక్క. వోల్టేజి తగ్గినా ప్రమాదమే. మోటారు లాగే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230కి బదులు 180 వోల్టులు వస్తే లాగే శక్తి 61 శాతానికి పడిపోతుంది. ఆ భారాన్ని లాగలేక మోటారు కరెంటు ఎక్కువ పీల్చి వేడెక్కుతుంది. వోల్టేజి పడిపోయే వేళల్లో టబ్బు సగమే నింపాలి. వేసవిలో ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య పావుగంట విశ్రాంతి ఇవ్వాలి. ఈమధ్య వచ్చే చవక మోటార్లలో కొన్నిటికి రాగికి బదులు అల్యూమినియం తీగ చుడుతున్నారు. పాత మోటారు రాగిదైతే దాన్ని పారేయకుండా మళ్లీ చుట్టించుకోవడమే తెలివైన పని.

పాతదంతా మంచిదేమీ కాదు

ఒక వీధిలో ముప్పై ఏళ్ల మెషిన్ ఇంకా తిరుగుతోందంటే అది అందరి కంటికీ కనిపిస్తుంది. అదే ఏడాది అదే దుకాణంలో కొని, పదేళ్లకే కబాడీ బండెక్కినవి ఎవరికీ గుర్తుండవు. మిగిలినవాటిని మాత్రమే చూసి లెక్క కడితే పాత మెషిన్లన్నీ వజ్రాల్లా కనిపిస్తాయి. పాత డిజైన్‌లో లోపాలూ ఉన్నాయి. రేకు బాడీ మెషిన్ల అడుగు తుప్పుపట్టి రాలిపోయేది. చక్రం బట్టలను మెలిపెట్టి చీరల అంచులు నలిపేది. నీళ్ల వాడకం ఎక్కువ. పైతలుపు మెషిన్ ఒక విడతకు 100 లీటర్లు దాటి వాడే చోట, ఫ్రంట్ లోడ్ మెషిన్ 50, 60 లీటర్లతో సరిపెడుతుంది. బోరు ఎండిపోయే కాలనీలో ఈ తేడా చిన్నది కాదు. వీటికి తోడు ఎర్తింగ్ లేని ఇంట్లో వైరు పూత ఊడిన పాత మెషిన్ ప్రాణాంతకం.

అందుకే పదేళ్లు దాటిన ప్రతి మెషిన్‌కూ విద్యుత్ పరీక్ష జరగాలి. భిలాయిలో మెగ్గర్ (ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) అంటే తెలియని ఎలక్ట్రీషియన్ ఉండడు. 500 వోల్టుల మెగ్గర్‌తో మోటారు వైండింగ్‌కూ బాడీకీ మధ్య కొలిస్తే ఒక మెగోమ్‌కు తగ్గకుండా చూపించాలి. తగ్గితే తడి చేరిందని, లేదా ఇన్సులేషన్ పోయిందని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్త్, ఇంటి బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పాత మెషిన్ ఎంత బాగా ఉతికినా దాన్ని వాడడం తప్పు.

కొత్త డిజైన్ల బలహీనతలు వేరే చోట ఉన్నాయి. మోటార్లు నిజానికి మెరుగయ్యాయి. బ్రష్షులు లేని ఇన్వర్టర్ మోటారులో అరిగే భాగమే తక్కువ. పోయేది దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. తేమ, వోల్టేజి ఎగుడుదిగుళ్లు, పిడుగు పడినప్పుడు లైన్‌లో వచ్చే పోటు, లోపల దూరే బొద్దింకలు, బల్లులు దాన్ని పాడుచేస్తాయి. బోర్డులో ఒక చిన్న భాగం పోయినా మొత్తం బోర్డు మార్చమంటారు. అది ఆ మోడల్‌కు మాత్రమే పనికొస్తుంది. రెండో బలహీనత టబ్బు. పాత ఫ్రంట్ లోడ్ మెషిన్లలో బయటి టబ్బు రెండు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉండేది. ఇప్పుడు చాలావాటిలో ఆ రెండు ముక్కలనూ కరిగించి అతికేస్తున్నారు. బేరింగు పోతే విప్పే దారి లేదు, టబ్బంతా మార్చాలి. బేరింగు ధర ఎక్కడ, టబ్బు ధర ఎక్కడ. మూడోది స్టీలు డ్రమ్ము వెనక ఉండే మూడు చేతుల అల్యూమినియం చట్రం. సబ్బు జిగురు పేరుకుపోయిన చోట అది నెమ్మదిగా తినేయబడి ఒక రోజు విరుగుతుంది. అవసరానికి మించి సబ్బు పొడి పోయకపోవడం, నెలకోసారి వేడినీళ్లతో ఖాళీ మెషిన్ తిప్పడం, ఉతికాక తలుపు తెరిచి ఆరనివ్వడం దీనికి మందు.

సామాన్లు దొరకడం విషయంలోనూ పాత డిజైన్‌దే పైచేయి. వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అయినా ఆ మెషిన్‌కు బెల్టు కావాలంటే కొలత చెబితే చాలు, కెపాసిటర్ కావాలంటే అంకె చెబితే చాలు. అవి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. కంపెనీ తప్పుకున్నాక దాని ఎలక్ట్రానిక్ బోర్డుకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఐరోపా దేశాలు దీన్ని చట్టంతో సరిచేయబూనాయి. 2021 మార్చి 1 నుంచి అక్కడ వాషింగ్ మెషిన్ ముఖ్యమైన విడిభాగాలను పదేళ్లపాటు అందుబాటులో ఉంచాలి, ఆర్డరిచ్చిన 15 పనిదినాల్లో పంపాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, విడిభాగాల వివరాలు చూసుకోవచ్చు. ఐరోపా చట్టం లాంటి గట్టి నిబంధన ఇక్కడ కూడా రావాలి. అది వస్తే మొదట లాభపడేది మెషిన్ ఒక్కసారే కొనగలిగిన ఇళ్లు.

ఉంచాలా, తీసేయాలా

పోయిన భాగమేదో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. బెల్టు, కెపాసిటర్, సీలు, బుష్షు, టైమరు, బ్రేకు, గొట్టం, ఇవి ఎన్నేళ్ల మెషిన్‌లో పోయినా మార్పించుకోవచ్చు. మోటారు కాలితే మిగతా మెషిన్ పరిస్థితి చూడాలి. టబ్బు గట్టిగా ఉండి, అడుగు తుప్పులేకుండా ఉంటే వైండింగ్ చేయించడం దండగ కాదు. టబ్బు చీలితే మాత్రం ఆశ వదులుకోవాలి. జిగురు పెట్టి అతికిన చీలిక వేడికీ కుదుపుకూ మళ్లీ విచ్చుకుంటుంది, నీళ్లు నేరుగా కిందున్న మోటారు మీద పడతాయి. చట్రమే తుప్పుపట్టి ఊగుతున్న మెషిన్‌కూ ఇదే తీర్పు. అలా తీసేసే మెషిన్ ఇ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరేలా చూడాలి.

భిలాయిలో ఈ ప్రశ్న తప్పకుండా ఎదురయ్యే రోజు ఒకటుంది. అది రిటైరై క్వార్టరు ఖాళీ చేసే రోజు. కొందరు రిసాలీ, నెహ్రూనగర్ వైపు సొంత ఇళ్లకు మారతారు. కొందరు రాయ్‌పూర్, రాయగడ మీదుగా విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం తిరిగి వెళతారు. ఇరవై ఏళ్లు ఒకే మూలన కుదురుగా ఉన్న మెషిన్‌కు ఆ ఒక్క లారీ ప్రయాణమే పెద్ద గండం. సెమీ ఆటోమేటిక్ అయితే గొట్టంలో నీళ్లు పూర్తిగా వంచి, పిండే డ్రమ్ములో దుప్పట్లు కుక్కి కదలకుండా చేసి, నిలువుగానే ఎక్కించాలి. ఫ్రంట్ లోడ్ అయితే కొన్నప్పుడు వెనక బిగించి వచ్చిన రవాణా బోల్టులు వెతికి మళ్లీ బిగించాలి. అవి లేకుండా పంపితే స్ప్రింగుల మీద వేలాడే టబ్బు దారి పొడవునా కొట్టుకుని దిగేసరికి సస్పెన్షన్ పాడై ఉంటుంది. మెషిన్ కొన్న రోజునే ఆ బోల్టులను కవరులో వేసి వారంటీ కాగితంతో కలిపి దాచడం మంచి పద్ధతి. సముద్రానికి దగ్గరగా ఉండబోయే ఇంట్లో ఉప్పుగాలి రేకును తొందరగా తింటుంది. రేకు బాడీ మెషిన్ అయితే వెళ్లేముందే అడుగు గీకించి రంగు వేయించాలి.

కొత్తది కొనక తప్పనప్పుడు స్టార్లూ ప్రోగ్రాముల సంఖ్యా చూసేముందు దుకాణదారును మూడు ప్రశ్నలు అడగాలి. బయటి టబ్బు బోల్టులతో బిగించినదా, అతికినదా? ఎలక్ట్రానిక్ బోర్డు పోతే ఇవాళ్టి ధర ఎంత? ఈ మోడల్‌కు బేరింగూ సీలూ విడిగా దొరుకుతాయా, ఈ ఊళ్లో ఎవరు మారుస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని చోట మెషిన్ కొనకూడదు.